మోకాలి కీలు మార్పిడిలో కంప్యూటరు దారిచూపు

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఈ ప్రసంగానికి ఆహ్వానించినప్పుడు మేమిద్దరం ధ్వజస్తంభం దగ్గర నిలబడి ఉన్నాం. "మీకు తెలిసిన విషయమే చెప్పండి, మోకాళ్ళ గురించి" అన్నారు. అదే సమయంలో ప్రదక్షిణ చేస్తున్న ఒక పెద్దాయన ప్రతి మూలలోనూ గోడ పట్టుకొని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదులుతున్నారు. చాలా ఏళ్ళుగా బ్రిటన్‌లో కీళ్ల శస్త్రచికిత్స చేస్తున్నవాణ్ణి కనుక గుడికి వచ్చినా నా చూపు ముందుగా మనుషుల కాళ్ళ మీదికే పోతుంది. స్వామి క్షమించాలి.

ఈ దేశానికి మొదట వచ్చినవారు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటుతున్నారు. వారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేది మీరు. డాక్టరు చెప్పినది తెలుగులోకి, అమ్మ చెప్పినది ఇంగ్లీషులోకి మార్చేది మీరు. ఇక్కడ నిరీక్షణ జాబితాలో వేచి ఉండాలా, హైదరాబాదుకు తీసుకువెళ్ళాలా అన్న నిర్ణయం కూడా చాలాసార్లు మీ మీదనే పడుతుంది. అటువంటి సందర్భాల్లోనే నాకు ఫోను వస్తుంది: "అంకుల్, కంప్యూటరుతో చేసే ఆపరేషను మంచిదా, మామూలుదా? ఎక్కడ మిషను ఉంటే అక్కడికి పోదామా?" ఫోనులో రెండు ముక్కల్లో చెప్పగలిగిన సమాధానం కాదది. అందుకే ఈ అవకాశాన్ని వాడుకొంటున్నాను.

ముందుగా శస్త్రచికిత్స ఏమిటో చెబుతాను. తొడ ఎముక కింది చివర, ముంగాలి ఎముక పై చివర ఒకదానిమీద ఒకటి కదిలే చోటే మోకాలు. ఆ చివరలను కప్పి నున్నని మృదులాస్థి ఉంటుంది. అది అరిగిపోతే ఎముక ఎముకతో రాసుకొంటుంది. కీలు మార్పిడి అంటే మోకాలిని మొత్తంగా తీసివేయటమని చాలామంది భయపడతారు. నిజానికి అరిగిన చివరలను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, వాటిపై లోహపు తొడుగులు అమర్చి, నడుమ పాలిఎథిలీన్ పలకను ఉంచుతాము. ఈనాటి కీలుకు పూర్వరూపం 1970ల నడిమి కాలంలో న్యూయార్క్‌లో తయారయింది. దానిని రూపొందించిన జాన్ ఇన్సాల్ బృందంలో భారతదేశంలో పుట్టిన చిత్తరంజన్ రణావత్ కూడా ఒకరు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి కీళ్లలో నూటికి సుమారు 82 ఇరవై అయిదేళ్ళు నిలుస్తాయి.

కీలు అంతకాలం నిలవటానికి తోడ్పడే అంశాలలో ఒకటి రేఖ. తుంటి కీలు మధ్యబిందువు నుంచి చీలమండ మధ్యబిందువుకు ఒక సరళరేఖ గీస్తే, అది మోకాలి నడిమి నుంచి పోవాలని మాకు నేర్పారు. రేఖ లోపలికో బయటికో జరిగితే శరీరభారం ఒక పక్కకే పడి, ఆ పక్క పలక త్వరగా అరుగుతుందని, ఎముకలో అమర్చిన భాగం వదులవుతుందని సిద్ధాంతం. మూడు డిగ్రీల వరకు అటూ ఇటూ ఫరవాలేదని చాలాకాలంగా పాటిస్తున్న హద్దు.

మూడు డిగ్రీలంటే ఎంత? గడియారంలో నిమిషాల ముల్లు అర నిమిషంలో జరిగే దూరం. దానిని ఆపరేషను బల్లమీద, నెత్తురు నడుమ, తుంటి కీలు కంటికి కనిపించకుండా పట్టుకోవాలి. ఈ ఆలయ నిర్మాణ సమయంలో స్థపతులు సూత్రం పట్టి గర్భాలయపు నడిమి రేఖను గుర్తించటం మీలో కొందరు చూసే ఉంటారు. వారు రెండు కొసలనూ చూడగలరు. మాకు ఒక కొస తొడ కండరాల లోతున దాగి ఉంటుంది.

పాత పద్ధతిలో మేము చేసేదేమిటంటే, తొడ ఎముక చివర రంధ్రం చేసి, ఎముక లోపలి బోలులోకి పొడుగాటి లోహపు కడ్డీని దూర్చి, దానికి సాధారణంగా ఐదారు డిగ్రీల కోణంలో కోతను నిర్ణయించటం. ఎముక బోలు ఒక రేఖ, తుంటి నుంచి మోకాలికి భారం దిగే రేఖ మరొకటి, ఆ రెంటికీ నడుమ అంత తేడా ఉంటుందన్నది లెక్క. అందరి ఎముకా ఒక్క తీరున ఉంటే ఇబ్బంది లేదు. కాని తొడ ఎముక విల్లులా వంగి ఉన్నవారు ఉన్నారు, ఎప్పుడో స్కూటరు ప్రమాదంలో విరిగి లోపల ప్లేటు వేయించుకొన్నవారు ఉన్నారు. వారి విషయంలో కడ్డీ తప్పు దారి చూపుతుంది, కొన్నిసార్లు లోపలికి పోనేపోదు.

ఇక కంప్యూటరు విషయం. 1997 జనవరిలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో సారగాలియా, పికార్ బృందం కంప్యూటరు నావిగేషన్ సాయంతో తొలి మోకాలి కీలు మార్పిడి చేసింది. నావిగేషన్ అంటే దారిచూపు. ఓడ నడిపేవారి మాట అది. కారులో మీరు వాడే సాట్‌నావ్ కూడా ఆ మాటనుంచి వచ్చినదే.

ఈ పద్ధతి గురించి చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ కంప్యూటరుకు నా తుంటి ఎక్కడుందో ఎట్లా తెలుస్తుందిరా, లోపల చూడకుండా?" అంది. చాలామంది జూనియర్ డాక్టర్లు కూడా అడగని ప్రశ్న అది.

తొడ ఎముకకొకటి, ముంగాలి ఎముకకొకటి చిన్న లోహపు పిన్నులతో గుర్తుపలకలు బిగిస్తాము. వాటికి కాంతిని తిప్పికొట్టే చిన్న గోళీలు ఉంటాయి. కొంత దూరంలో స్తంభం మీద ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఆ గోళీలు ఎక్కడున్నాయో క్షణక్షణం కనిపెడుతుంది. అప్పుడు నేను కాలు పట్టుకొని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతాను. తుంటి అనేది గిన్నెలో తిరిగే బంతి. అది ఉన్నచోటనే ఉంటుంది కనుక, మోకాలి వద్ద ఉన్న గుర్తుపలక గాలిలో ఒక గోళపు ముక్కను గీస్తుంది. వృత్తం మీద మూడు బిందువులు తెలిస్తే కేంద్రాన్ని కనుక్కోవటం మీరు బడిలో నేర్చుకొన్నదే. కంప్యూటరు చేసేది దానికి పెద్దన్న వంటి లెక్క. ఆ విధంగా ఎముకను కోయకుండా, ఎక్స్‌రే తీయకుండా, తుంటి మధ్యబిందువు దొరుకుతుంది. చీలమండ కోసం రెండు పక్కల ఎముక మొటిమలను సూచికతో తాకుతాను, మోకాలిలో కొన్ని స్థానాలను తాకుతాను. అంతటితో తెరమీద రేఖ వస్తుంది. కోత పెట్టబోయే దిమ్మెను ఎముక మీద ఆనిస్తే, అది ఎన్ని డిగ్రీలు వాలి ఉందో, ఎన్ని మిల్లీమీటర్లు కోస్తుందో ముందే కనిపిస్తుంది. కోసిన తరువాత మళ్ళీ కొలుచుకోవచ్చు. కాలు చాచినప్పుడు, మడిచినప్పుడు రెండు పక్కల ఖాళీ సమానంగా ఉన్నదా అన్నదీ చూడవచ్చు.

అమ్మ విని, "అంటే నువ్వు చూపిస్తేనే దానికి తెలుస్తుందన్నమాట" అంది.

ఆ మాట ఎంత సరైనదో నాకు తరువాత ఒక ఉదయం బోధపడింది. నేను అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో ఒక విశ్రాంత బస్సు డ్రైవరుకు శస్త్రచికిత్స చేస్తున్నాను. తెరమీద సున్నా డిగ్రీలు చూపిస్తున్నది. కోశాను. ప్రయోగపు కీలు పెట్టి కాలు చాపితే నా కంటికి మోకాలు కొంచెం దొడ్డికాలు వలె కనిపించింది. తెర మాత్రం సున్నా అంటున్నది. రెండు నిమిషాలు తెరనే నమ్మాను. ఆ రెండు నిమిషాలకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. తరువాత మొదట ఎముకమీద పెట్టుకొన్న పరీక్షా బిందువును సూచికతో మళ్ళీ తాకితే, అది ఉండవలసిన చోట లేదు. ఎవరి మోచెయ్యో తగిలి గుర్తుపలక పిన్ను కదిలింది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. అది తనకు చెప్పిన రేఖను ఎంతో నిష్ఠగా చూపిస్తూనే ఉంది. మళ్ళీ కొద్దిగా కోసి, కాస్త మందమైన పలక అమర్చి సరిచేశాను. అదనంగా చాలాసేపు పట్టింది. మర్నాడు ఉదయం జరిగినదంతా ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, "మా అబ్బాయి కారులోది కూడా అంతే డాక్టర్, ఒకసారి నన్ను చెరువులోకి పొమ్మంది" అన్నారు. అప్పటినుంచి ప్రతి కోతకు ముందు పరీక్షా బిందువును తాకకుండా రంపం ముట్టుకోను.

అయితే ఈ యంత్రం వలన మేలు ఉన్నదా? కొలతలో తప్పక ఉన్నది. 2007లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, మూడు డిగ్రీల హద్దు దాటిన మోకాళ్ళు పాత పద్ధతిలో నూటికి సుమారు 32, నావిగేషన్‌తో 9 మాత్రమే. తొడ ఎముక బోలులోకి కడ్డీ దూర్చే పని తప్పుతుంది. వంకర ఎముకలలో, పాత ప్లేట్లున్న కాళ్లలో ఇది నిజమైన వరం. అక్కడ నేను వేరే ఆలోచన లేకుండా దీనినే వాడతాను.

మరి ఆ కొలత వలన మనిషికి సుఖం కలిగిందా అన్నది వేరే ప్రశ్న. దక్షిణ కొరియాలో ఒక అధ్యయనం చేశారు. రెండు మోకాళ్ళూ మార్చవలసిన 520 మందికి ఒక మోకాలు నావిగేషన్‌తో, మరొకటి పాత పద్ధతిలో చేశారు. ఒకే మనిషి, ఒకే శరీరభారం, ఒకే జీవితం. ఇంతకంటే న్యాయమైన పోటీ ఉండదు. సగటున పదేళ్లకు పైగా గమనించి 2012లో ప్రకటించిన ఫలితాల్లో నొప్పిలోగాని, కదలికలోగాని, కీలు నిలవటంలోగాని తేడా కనిపించలేదు. మరొకవైపు ఆస్ట్రేలియా వారి జాతీయ కీళ్ల నమోదు పట్టిక 2015లో వేరొక సంగతి చెప్పింది. అరవై అయిదేళ్ళ లోపువారిలో తొమ్మిదేళ్ళ నాటికి మళ్ళీ ఆపరేషను చేయవలసి వచ్చినవి పాత పద్ధతిలో నూటికి 7.8, నావిగేషన్‌తో 6.3. ఇంకా ఎక్కువకాలం, ఎక్కువగా తిరిగే వయసువారికి ఈ స్వల్పమైన తేడా లెక్కలోకి వస్తుంది. డెబ్బై అయిదేళ్ళ అమ్మమ్మగారికి దీనికోసం ఇల్లు తాకట్టు పెట్టవలసిన పని లేదు.

ఇంకొక చిక్కుముడి కూడా ఉన్నది. యంత్రం సున్నా డిగ్రీలను సరిగ్గా పట్టుకోగలదు, సరే. కాని సున్నాయే అందరికీ సరియైనదా? 2010లో మేయో క్లినిక్ వారు 398 మోకాళ్ళను పదిహేనేళ్ళ కాలానికి పరిశీలిస్తే, మూడు డిగ్రీల హద్దులో ఉన్నవి హద్దు దాటినవాటికంటే మెరుగుగా నిలవలేదని తేలింది. 2012లో బెల్జియంలో బెలెమన్స్ బృందం ఏ నొప్పీ లేని యువతీయువకుల కాళ్ళు కొలిస్తే, పురుషుల్లో నూటికి 32 మందికి, స్త్రీలలో 17 మందికి పుట్టుకతోనే, అంటే ఎదుగుదలలోనే, మూడు డిగ్రీలు లేదా అంతకు మించి దొడ్డికాళ్ళ వంపు ఉన్నది. వారికి ముసలితనంలో కీలు మార్చి గీత గీసినట్టు నిలబెడితే, అది వారి కాలు కాదు, పుస్తకంలోని కాలు. పక్క స్నాయుబంధాలు కొత్త రేఖకు అలవాటు పడటానికి చాలాకాలం సణుగుతాయి. ఈ విషయంపై మా వృత్తిలో పెద్ద వాదమే జరుగుతున్నది, తీర్పు ఇంకా రాలేదు. ఎంత వంపు ఉంచాలన్నది సర్జను నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని అమలు చేయటంలో యంత్రం సాయపడుతుంది, అంతే.

రోబో గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాను. నావిగేషన్ చూపుతుంది, చెయ్యి నాదే. రోబో పద్ధతిలో ఆ కొలతలకు తోడుగా ఒక యాంత్రిక హస్తం రంపం హద్దు దాటకుండా పట్టి ఉంచుతుంది. రెండింటిలోనూ ఎముకలోకి పిన్నులు దిగుతాయి. ఆ రంధ్రాల వద్ద ఎముక విరగటం, చీము పట్టటం అరుదు, కాని లేకపోలేదు. ఆపరేషను కొంత ఎక్కువసేపు పడుతుంది. బ్రిటన్‌లో నావిగేషన్ ఎన్నడూ పెద్దగా వ్యాపించలేదు. కనుక మీ ఆసుపత్రిలో అది లేనంత మాత్రాన అమ్మకు తక్కువరకం వైద్యం జరుగుతున్నదని బాధపడకండి. హైదరాబాదు విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పోయే దారిలో హోర్డింగులు చూసి ఆపరేషను నిర్ణయించుకొన్న కుటుంబాలు నాకు తెలుసు. అక్కడ గొప్ప సర్జన్లున్నారు, అందులో సందేహం లేదు. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం మోకాలి కీళ్ల ధరకు గరిష్ఠ పరిమితి విధించింది కూడా. కనుక బిల్లు ఇచ్చినప్పుడు కీలు ధర ఎంత, యంత్రం పేరిట ఎంత అని విడిగా అడగటానికి మొహమాటపడవద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకొన్నదానికి వస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మన సమాజంలోని ఒక పెద్దాయన వేరేచోట నావిగేషన్‌తో చేయించుకొని, ఏడాది తరువాత ఎక్స్‌రే పట్టుకొని నావద్దకు వచ్చారు. చూశాను. సూత్రం పట్టి కట్టినట్టు ఉంది. నా విద్యార్థులకు చూపించదగినంత బాగుంది. ఆయన ముఖం మాత్రం వాడి ఉంది. "నడుస్తున్నాను బాబూ, నొప్పి లేదు. కాని మా నాన్నగారి ఆబ్దికానికి కింద కూర్చోలేకపోయాను. ముందే తెలిస్తే ఇంకో రెండేళ్ళు నొప్పి భరించేవాణ్ణి" అన్నారు. ఆయనను ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కీలు మార్పిడి చేయించుకొన్న ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు తృప్తి లేదని చెబుతారని కెనడాలో జరిగిన ఒక పెద్ద పరిశీలన 2010లో చెప్పింది. ఆ అయిదవ మనిషి నాకు ఎప్పుడు గుర్తుకువచ్చినా ఈ పెద్దాయన ముఖమే కనిపిస్తుంది.

చదును నేలమీద నడవటానికి మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు 90 దాకా కావాలి, తక్కువ ఎత్తు కుర్చీలోనుంచి లేవటానికి ఇంకొంచెం. బాసింపట్టు వేసుకొని కూర్చోవటానికి, కింద గొంతుకూర్చోవటానికి 120 మొదలుకొని 150 వరకు కావాలి. మార్చిన కీలు ఎక్కువమందిలో 110, 120 దగ్గర ఆగుతుంది. ఆపరేషనుకు ముందు ఎంత వంగుతుందో దానిని బట్టే తరువాత ఎంత వంగుతుందన్నది చాలావరకు నిర్ణయమవుతుంది. ఏ కంప్యూటరూ దీనిని మార్చలేదు.

మరొక రోజు నా క్లినిక్‌కు ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. "ఈ మోకాలితో మీరు ఏమేమి చేయాలనుకొంటున్నారు?" అని అలవాటుగా ఇంగ్లీషులో అడిగాను. కూతురు తెలుగులో అడిగింది. తల్లి కాసేపు ఆలోచించి ఇట్లా చెప్పింది: "నొప్పి సంగతి ఓర్చుకుంటానమ్మా. వరలక్ష్మీ వ్రతంనాడు పీట మీద కూర్చుని లేవగలిగితే చాలు. కుర్చీలో కూర్చుని వ్రతం చేస్తే అది నాకు చేసినట్టే ఉండదు." కూతురు నావైపు తిరిగి, "నొప్పి తగ్గితే చాలంటోంది డాక్టర్" అంది.

అమ్మాయి అబద్ధం చెప్పలేదు. డాక్టరు సమయం వృథా చేయకూడదన్న మర్యాద కొంత, పీట గురించి ఇంగ్లీషులో చెప్పటం ఎందుకన్న సంకోచం కొంత. నాకు తెలుగు వచ్చు కనుక ఆగిపోయాను. రాని డాక్టరైతే "నొప్పి నివారణ" అని రాసుకొని సంతకం పెట్టించుకొనేవాడు. ఆమె మోకాలు అప్పటికే 95 డిగ్రీలకు మించి వంగటం లేదు. "అమ్మగారూ, ఆపరేషను చేసినా మీరు పీట మీద కూర్చోలేకపోవచ్చు. నొప్పి తగ్గుతుంది, బాగా నడుస్తారు, మెట్లెక్కుతారు. పీట మాత్రం నేను మాట ఇవ్వలేను" అని తెలుగులోనే చెప్పాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకొన్నారు. ఆపరేషను వద్దని వెళ్ళిపోయారు. ఏడాది దాటిన తరువాత తనంతట తానే మళ్ళీ వచ్చి, "ఇప్పుడు చెయ్యి నాయనా, ఆలోచించుకున్నాను" అన్నారు. నావిగేషన్‌తోనే చేశాను, ఆమె తొడ ఎముకలో వంపు ఉన్నది కనుక. ఇప్పుడు ఇంట్లో కలశాన్ని ఎత్తైన బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని వ్రతం చేసుకొంటున్నారు. పూర్తి సంతోషంతో అని నేను చెప్పను. తెలిసి ఒప్పుకొన్నారు.

కనుక మీరు అమ్మానాన్నలతో డాక్టరు గదిలోకి వెళ్ళినప్పుడు, మిషను ఏ కంపెనీదని అడిగే ముందు, ఈ కొన్ని విషయాలు అడగండి. ఈ సర్జను ఏడాదికి ఎన్ని మోకాళ్ళు చేస్తారు, అందులో ఈ పద్ధతిలో ఎన్ని? మా అమ్మ కాలికి యంత్రం అవసరమయ్యే ప్రత్యేక కారణం ఏదైనా ఉన్నదా? ఆమె మోకాలు ఇప్పుడు ఎంత వంగుతున్నది, తరువాత ఎంత ఆశించవచ్చు? ఇంటికి వచ్చాక మొదటి ఆరు వారాలు వ్యాయామం ఎవరు దగ్గరుండి చేయిస్తారు? ఈ చివరి ప్రశ్నకు సమాధానం డాక్టరు దగ్గర ఉండదు, మీ దగ్గరే ఉంటుంది. హైదరాబాదులో ఆపరేషను చేయించి, పది రోజుల్లో సెలవు అయిపోయిందని తిరిగి వచ్చేసిన పిల్లల తల్లుల మోకాళ్ళు బిగుసుకుపోవటం నేను చూశాను. ఇంకొకటి, అమ్మ చెప్పిన మాటను ఆమె చెప్పినట్టే డాక్టరుకు చెప్పండి. పీట అంటే ఏమిటో వివరించవలసి వస్తే వివరించండి, రెండు నిమిషాలు పడుతుంది.

మా అమ్మ సంగతి అడగబోయేవారు ఉంటారు కనుక నేనే చెబుతాను. ఆమెకు రెండు మోకాళ్ళూ గుంటూరులో, కంప్యూటరు లేకుండా, పాత కడ్డీ పద్ధతిలోనే చేయించాను. ఆ సర్జను చేతిని నేను విద్యార్థి దశనుంచి ఎరుగుదును. వారు వాడే కీలు నాకు తెలుసు. మా చెల్లెలు రెండు నెలలు దగ్గరుండి వ్యాయామం చేయించింది. పదకొండేళ్ళయింది. ఎక్స్‌రేలో ఎడమ కాలు రెండు డిగ్రీలు దొడ్డిగా ఉన్నది. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. చిన్నప్పటినుంచి ఆ కాలు అట్లాగే ఉండేదని మా మేనత్త అంటుంది. ఇప్పుడు ఊళ్ళో గుడికి రోజూ నడిచే వెళ్ళి వస్తుంది. లోపల కూర్చోవటానికి పూజారిగారు ధ్వజస్తంభం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. అందులో వేరేవాళ్ళు కూర్చుంటే ఒప్పుకోదు.